కొంగలు, కణాలు, కూలీలు: మూడింటినీ ‘వలస’ అనే ఒక్క మాట కింద చదవొచ్చా?

గవర్నర్‌పేట_మేడమ్:
అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఫైనలియర్ పిల్లలతో ఫిబ్రవరిలో ఒక రోజు సెమినార్ పెడదామనుకున్నాను, అంశం ‘వలస’. జువాలజీ పిల్లలు పక్షులు, చేపలు, తాబేళ్ల గురించి చెబుతారు. బయోటెక్నాలజీ పిల్లలు ఒంట్లో కణాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా పాకుతాయో చెబుతారు. ఎకనామిక్స్ పిల్లలు మనుషుల వలస గురించి. సాయంత్రం అందరూ కలిసి కూర్చుని మూడింటికీ ఉమ్మడిగా ఏముంది, ఏం లేదు అని మాట్లాడుకుంటారు.

మా స్టాఫ్‌రూమ్‌లో ఎకనామిక్స్ సార్ ఒప్పుకోలేదు. “మిరపకోతకు వచ్చిన ఆడమనిషినీ, ఉప్పలపాడు చెరువు మీది కొంగనీ ఒకే స్లైడులో పెడితే నేను రాను” అన్నారు. ఆయన నెమ్మదైన మనిషి, ఎప్పుడూ అలా మాట్లాడరు. అందుకే రెండు రోజులుగా అదే ఆలోచన. నా ఉద్దేశం ఎవర్నీ తక్కువ చేయడం కాదు. దివిసీమ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు, గోదావరికి ఎదురీదే పులస, మన నెత్తురులో తెల్లకణం, ఇవన్నీ ఉన్నచోటు వదిలి ఇంకోచోటు వెతుక్కునే జీవాలే కదా, వాటిలో ఏదో ఒక ఉమ్మడి సూత్రం ఉంటే పిల్లలకు తెలియాలి అని నా ఆశ. ఇది తప్పా? తప్పయితే ఎక్కడ తప్పో చెప్పండి.

కణం_కదలిక:
మేడమ్, తప్పకుండా చేయండి. నాది గుంటూరే, ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ. కణాలు నడవడం మైక్రోస్కోపులో చూడటమే నా పని. ‘నడవడం’ అని ఊరికే అనడం లేదు. కణం ముందువైపు ఆక్టిన్ అనే ప్రోటీన్ దారాలు పెరిగి పొరను ముందుకు నెడతాయి, ఆ పొర కింద ఉన్నదాన్ని పట్టుకుంటుంది, తర్వాత కణం ఒళ్లు బిగించి వెనక భాగాన్ని లాక్కుంటుంది. మళ్లీ మొదలు. ఎటు వెళ్లాలో దానికి రసాయన వాసన చెబుతుంది. బాక్టీరియా ఉన్న వైపు ఆ వాసన ఎక్కువ, అందుకే తెల్లకణం అటు పాకుతుంది.

మనందరం అలాంటి వలస వల్లే పుట్టాం. పిండం మొదటి వారాల్లో వెన్ను వైపున ‘న్యూరల్ క్రెస్ట్’ అనే కణాలు పుట్టి ఒళ్లంతా బయల్దేరతాయి. కొన్ని మొహం ఎముకలవుతాయి, కొన్ని చర్మానికి రంగునిచ్చే కణాలవుతాయి, కొన్ని మెడ వైపు నుంచి దిగి పేగు పొడవునా వెళ్లి పేగు నరాలవుతాయి. ఆ చివరి గుంపుకి నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా ప్రయాణం. అవి పేగు చివరిదాకా చేరకపోతే పుట్టిన బిడ్డకు మలం రాదు, ఆపరేషన్ చేయాలి. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు అంటారు, సుమారు 5,000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. ‘ఈ కణాలు ఎందుకు ఆగిపోయాయి’ అని అడగడానికి నాకు వలస అనే మాట తప్ప వేరే మాట లేదు.

ఇంకొకటి, మూడు రంగాల వాళ్లూ ఒకరి నుంచి ఒకరు అప్పు తెచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది. 1889లో స్టీఫెన్ పాజెట్ అనే లండన్ డాక్టరు రొమ్ము కాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చూసి, కాన్సర్ ఇష్టం వచ్చినచోటికి పాకదు, విత్తనానికి తగిన నేల దొరికినచోటే మొలుస్తుంది అని రాశాడు. రైతు మాట అది. నూటపాతికేళ్లు దాటినా మేం ఇప్పటికీ అదే మాట వాడుతున్నాం.

బ్రాడీపేట_4వలైను:
మీ ఎకనామిక్స్ సార్‌ని నేను సమర్థిస్తున్నాను మేడమ్. నేను సోషియాలజీ చెప్పి రిటైరయ్యాను. కణం గురించి ఆ అబ్బాయి చక్కగా రాశాడు, చదివి సంతోషించాను. కానీ చివర అతనే చూపించాడు, మాట ఊరికే అరువు రాదు, అర్థం కూడా వెంట తెచ్చుకుంటుంది.

ఫ్రెడరిక్ రాట్జెల్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. చదువుకున్నది జువాలజీ. జంతువులు, మొక్కలు చోటు కోసం పాకులాడినట్టే జాతులూ, దేశాలూ చోటు కోసం పాకులాడతాయి అని చెప్పి 1901లో ‘లెబెన్స్‌రౌమ్’, అంటే బతికే చోటు, అనే పేరుతో పెద్ద వ్యాసం రాశాడు. ఆయన ఉద్దేశం ఏదైనా కావచ్చు. ఆ మాటను తర్వాత నాజీలు తీసుకుని తూర్పు యూరప్‌లో చేసింది మీ అందరికీ తెలుసు. ఆ మాట జంతుశాస్త్రం నుంచి రాజకీయంలోకి నడిచి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

మన తెలుగులోనే చూడండి. వలస కూలీ అంటాం, వలస పక్షి అంటాం, వలస పాలన అంటాం. దొర మన మీద రాజ్యం చేయడానికి వచ్చిందీ వలసే, బర్మా మిల్లుల్లో బియ్యం మూటలు మోయడానికి మనవాళ్లు వెళ్లిందీ వలసే. ఒకే మాట! 1942లో జపాన్ వాళ్లు రంగూన్ పట్టుకుంటే లక్షల మంది భారతీయులు అడవులు దాటి అస్సాం వైపు నడిచి వచ్చారు, దారిలో ఎంతో మంది పోయారు. అది కూడా వలసే అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు, అది తరిమివేత. కొంగను ఎవరూ తరమలేదు. కణానికి అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించే మేస్త్రీ లేడు. అప్పు, కులం, కాంట్రాక్టు, రేషన్ కార్డు, ఇవి తీసేస్తే మనిషి వలసలో ఇక మిగిలేది కదలిక ఒక్కటే. కదలికను చదవడం ఫిజిక్సు.

లెక్కల_మనిషి:
ఫిజిక్సు అన్నారు కాబట్టి నేనూ కలుగజేసుకుంటాను. స్టాటిస్టిక్స్ నా వృత్తి, ఇద్దరి పక్షానా కొంత సాక్ష్యం ఉంది.

ముందు మేడమ్ వైపు. 1937లో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఒక సమీకరణం రాశాడు, లాభం ఇచ్చే జన్యువు జనాభాలో అలలాగా ఎలా వ్యాపిస్తుందో చెప్పడానికి. 1951లో స్కెల్లమ్ అనే ఆయన దాదాపు అలాంటి లెక్కతోనే యూరప్‌లో మస్క్‌రాట్ అనే నీటి ఎలుక వ్యాపించిన తీరు వివరించాడు. అది అమెరికా జంతువు, 1905లో ప్రాగ్ దగ్గర కొన్నిటిని వదిలితే మధ్య యూరప్ అంతా పాకింది. 1970ల మొదట్లో అమ్మెర్‌మన్, కవల్లీ స్ఫోర్జా అనే ఇద్దరు పరిశోధకులు అదే అల లెక్కను మనుషులకు పెట్టారు. పశ్చిమాసియాలో మొదలైన వ్యవసాయం యూరప్‌లోకి ఏడాదికి సుమారు 1 కిలోమీటరు చొప్పున జరిగిందని వాళ్లు తేల్చారు. అప్పుడు చాలామంది కాదన్నారు, పద్ధతి పాకింది గానీ మనుషులు కదల్లేదు అని. పాత ఎముకల డీఎన్‌ఏ చదవడం వచ్చాక తేలింది, అనటోలియా (ఇప్పటి టర్కీ) రైతులు నిజంగానే కదిలి వెళ్లారు. ఇప్పుడు మెదడు కణితి ఎలా పాకుతుందో లెక్కకట్టే డాక్టర్లూ అదే కుటుంబం సమీకరణం వాడుతున్నారు. జన్యువు, ఎలుక, రైతు, కణితి, నాలుగింటికీ ఒకే లెక్క. ఇది నాకు చిన్న విషయం కాదు.

ఇక సార్ వైపు. 1996లో ఒక పేపర్ వచ్చింది, ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి తిండి కోసం ఎగిరే తీరులో ‘లేవీ’ అనే గణిత నమూనా ఉందని. చాలా చిన్న ఎగుర్లు, మధ్యమధ్య ఎప్పుడో ఒక మహా పెద్ద ఎగురు. ఎంత అందంగా ఉందో! ఆ తర్వాత అందరూ అన్నింటిలో అదే వెతికారు, సొరచేపల్లో, మనుషుల్లో, ఎలుక మెదడులో సూక్ష్మజీవిని వెతికే టీ కణాలు అనే ఒక రకం తెల్లకణాల్లో కూడా (ఆ పేపర్ 2012లో వచ్చింది). కానీ 2007లో ఆల్బట్రాస్ లెక్క మళ్లీ చూస్తే ఏం తేలిందో తెలుసా? పక్షి కాలికి కట్టిన పరికరం కాలు తడిసిందా లేదా అని మాత్రమే రాసుకుంటుంది. కాలు పొడిగా ఉంటే ఎగురుతోందని అనుకున్నారు. ఆ మహా పెద్ద ఎగుర్లలో పక్షి గూట్లో కూర్చుని ఉంది.

ఒక్క పక్షి గూట్లో కూర్చుందా, గాల్లో ఉందా అని అడగనందుకు పదకొండేళ్లు పోయింది. లెక్క తప్పు కాదు, లెక్క వెనక ఉన్న ప్రాణి ఆ పూట ఏం చేస్తోందో కనుక్కోకపోవడం తప్పు. మనుషుల విషయంలో ఈ తప్పు ఎన్నిసార్లు చేసి ఉంటామో అని నాకు భయం.

బెంజిసర్కిల్_రాజు:
ఇంత చర్చ అనవసరం అండి, ఉమ్మడి సూత్రం కళ్ల ముందే ఉంది. బందరు కాలవలో గుర్రపుడెక్క చూశారా? ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి పూలు బాగున్నాయని తెచ్చారు, ఇప్పుడు నీళ్లు కనపడవు. ఊరు కూడా అంతే. ఏ అపార్ట్‌మెంట్ పనికి చూసినా, ఏ హోటల్ వంటగదిలో చూసినా బయటి రాష్ట్రాల వాళ్లే, మన పిల్లలకు పని లేదు. బయటినుంచి వచ్చింది లోపలిదాన్ని నొక్కేస్తుంది, కాన్సర్ కూడా అదే చేస్తుంది. సైన్సు చెప్పేది చెప్పనివ్వండి, మనసు నొచ్చుకుంటుందని దాచకండి.

బ్రాడీపేట_4వలైను:
మేడమ్, చూశారా. మీ సార్ భయపడింది దీనికే. సెమినార్ ఇంకా మొదలవలేదు, అప్పుడే మనిషి గుర్రపుడెక్క అయ్యాడు, కాన్సర్ కూడా అయ్యాడు.

కణం_కదలిక:
రాజు గారూ, కాన్సర్ పేరెత్తారు కాబట్టి నా పని నన్ను చెప్పనివ్వండి. కాన్సర్ కణం బయటినుంచి రాదు. అది ఆ ఒంట్లోనే పుట్టిన కణం, సొంత ఇంటి బిడ్డ. బయటినుంచి వచ్చేదాన్ని వెతకడానికి ఒళ్లంతా తిరిగేది తెల్లకణం, అది ఎముక మజ్జలో పుట్టి వలస వెళ్లి మనల్ని కాపాడుతుంది. ఇప్పుడే నేను రాసిన పేగు నరాలు కూడా వలస వచ్చినవే, అవి రాకపోతే ఆపరేషన్ లేకుండా బిడ్డ బతకడం కష్టం. కాబట్టి మీ పోలిక సైన్సు చెప్పింది కాదు, ముందే అనుకున్నదానికి సైన్సు మాట తొడిగారు. మా రంగం మాటను ఇలా వాడితే నాకు బాధగా ఉంటుంది.

బెంజిసర్కిల్_రాజు:
కాన్సర్ ఒంట్లోనే పుడుతుందన్నది నిజమే, తప్పు రాశాను, ఒప్పుకుంటాను. కానీ మా తమ్ముడు ఐటీఐ చేసి ఆరు నెలలుగా ఖాళీగా ఉన్నాడు, కాంట్రాక్టరు బయటివాళ్లనే పెట్టుకున్నాడు. ఆ బాధ అబద్ధం కాదు.

బ్రాడీపేట_4వలైను:
అబద్ధం కాదు బాబూ. మీ తమ్ముడిని వద్దన్నదీ, వాళ్లను తక్కువ కూలికి తెచ్చిందీ ఒకే కాంట్రాక్టరు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి స్థానికులతో సమానంగా కూలి ఇవ్వాలని 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. సమానంగా ఇచ్చి ఉంటే మీ తమ్ముడిని కాదనడానికి కాంట్రాక్టరుకు అంత కారణం ఉండేది కాదు. గుర్రపుడెక్క అని మొదలుపెట్టారంటే కాంట్రాక్టరు కనపడడు. పోలిక వల్ల వచ్చే నష్టం ఇదే.

క్యాంపు_మనవడు:
నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోతుంటాను, ఈసారి రాయాలనిపించింది. తుంగభద్ర డ్యామ్ వచ్చాక మా తాతగారు రేపల్లె దగ్గర ఎకరంన్నర అమ్మి, కర్ణాటకలో సింధనూరు దగ్గర చవగ్గా వస్తుందని పది ఎకరాలు కొన్నారు. మొదట ఆయన బావమరిది వెళ్లాడు, ఆయన ఉత్తరం రాస్తే తాత వెళ్లారు, తాత చెబితే ఇంకో నాలుగు కుటుంబాలు. అటువైపు మనవాళ్ల ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు, మూడో తరం వచ్చినా. నాన్న గుంటూరు తిరిగి వచ్చారు, చెల్లెలు అమెరికాలో ఉంటుంది.

మా ఇంట్లో ఎవ్వరూ మమ్మల్ని వలస వెళ్లాం అనుకోరు. తాత ‘పొలం కొన్నారు’, చెల్లెలు ‘సెటిలైంది’, మా చేలో మిరపకాయ కోసేవాళ్లు మాత్రం ‘వలస వచ్చారు’. నాకు ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఇది తట్టలేదు. కొంగనీ కూలీనీ ఒకే మాట కింద చదవొచ్చా అని మేడమ్ అడిగారు, ముందు నా చెల్లెల్నీ ఆ కూలీనీ ఒకే మాట కింద చదవండి, అది చేయగలిగితే మిగతాది పెద్ద కష్టం కాదు.

తెనాలి_కోడలు:
ఇంతమంది రాశారు, పెళ్లి గురించి ఒక్కరూ రాయలేదేంటండీ? 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో పుట్టినచోటో, ముందు ఉన్నచోటో వదిలి వేరే చోట ఉంటున్నవాళ్లు సుమారు 45 కోట్ల మంది. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, కారణం అన్నచోట ఎక్కువమంది చెప్పింది పెళ్లి. నేనూ ఒకదాన్ని, పొన్నూరు పక్కన పుట్టి తెనాలి కోడలినయ్యాను. పాతిక కిలోమీటర్లు లేదు, అయినా మా అమ్మ వంట, నేను నాటిన మల్లె, స్నేహితులు, ఇంటి పేరు, అన్నీ వదిలే వచ్చాను. రావెన్‌స్టయిన్ అని ఒకాయన 1885లోనే ఇంగ్లండ్ లెక్కలు చూసి రాశాడు, వలసలో ఎక్కువభాగం దగ్గర దూరాలకే ఉంటుంది, దగ్గర దూరాలకు ఆడవాళ్లే ఎక్కువ వెళతారు అని. సెమినార్‌లో ఇది పెట్టండి మేడమ్.

ఉప్పలపాడు_బైనాక్యులర్:
పక్షుల తరఫున కూడా కొంచెం న్యాయం అడగాలి. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుకి పదిహేనేళ్లుగా వెళుతున్నాను. ఎవర్ని అడిగినా ‘సైబీరియా కొంగలు’ అంటారు. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు సైబీరియావి కావు. రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే, నీళ్లు, చేపలు, చెట్టు ఉన్నచోటికి మన దేశంలోనే తిరుగుతూ ఉంటాయి. గూడు కట్టి పిల్లల్ని పెంచుకునే చెరువును అతిథి ఊరు అనడం ఎలా? దూరం నుంచి వచ్చేది వేరే. అమూర్ డేగ ఈశాన్య ఆసియాలో పుట్టి, నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర ఆగి, అరేబియా సముద్రం దాటి దక్షిణ ఆఫ్రికా ప్రాంతాలకు వెళుతుంది. 2012లో అక్కడ వేల కొద్దీ వలల్లో పట్టి చంపారు, మరుసటి ఏడాది ఊళ్ల పెద్దలే వేట ఆపించారు.

మనుషుల వలసనీ పక్షుల వలసనీ కలిపి చదివితే మనిషికి అవమానం అని ఎకనామిక్స్ సార్ అంటున్నారు. నాకైతే పక్షి విషయంలో కూడా మనం అదే తప్పు చేస్తున్నాం అనిపిస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోం, దూరదేశం అని ఊహించుకుంటాం, అతిథి అని పేరు పెడతాం.

ఒక మాట మాత్రం మీ పిల్లలకు పనికొస్తుంది. ఒకే జాతి పక్షుల్లో కొన్ని వెళతాయి, కొన్ని ఉండిపోతాయి. పాక్షిక వలస అంటారు. ఎవరు వెళతారు అన్నదానికంటే ఎవరు ఉండిపోతారు, ఎందుకు, అనేది పక్షిశాస్త్రంలో కష్టమైన ప్రశ్న. వయసా, ఒంట్లో కొవ్వా, ఆడా మగా అన్న తేడానా, గూటిచోటు ముందే పట్టుకోవాలన్న ఆత్రమా?

సుగ్గి_బిడ్డ:
అందరివీ చదివాను. నాది కర్నూలు జిల్లా కోసిగి వైపు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ గుంటూరులో చదువుతున్నాను. మేం వలస అనం, ‘సుగ్గికి పోతాం’ అంటాం. సంక్రాంతి ముందో తర్వాతో లారీలోనో ఆటోలోనో గిన్నెలు, బియ్యం, దుప్పట్లు వేసుకుని గుంటూరు వైపు చేలకు వస్తాం, మిరప కోతలయ్యాక తిరిగి పోతాం. నేను ఎనిమిదేళ్లప్పుడు మొదటిసారి వచ్చాను. చేను గట్టున పట్టా కట్టుకుని ఉన్నాం. కాయ తెంపితే రాత్రి చేతులు మండి నిద్ర పట్టేది కాదు, అమ్మ మజ్జిగలో ముంచేది. కల్లంలో తాలు కాయలు ఏరడం పిల్లల పని.

కొంగతో పోలిస్తే మాకు అవమానం అని ఎకనామిక్స్ సార్ అన్నట్టు మేడమ్ రాశారు. నాకు అవమానం అనిపించదు సార్. కొంగ బతకడానికి వస్తుంది, మేమూ అంతే. నాకు కోపం వచ్చేది ‘ప్రవాహం’ అన్నప్పుడు. పేపర్లో ‘కూలీల ప్రవాహం’ అని రాస్తారు. ప్రవాహానికి మొహం ఉండదు.

అందరూ మా ఊళ్లో కరువు వల్ల వెళతారు అంటారు. నిజమే, వాన లేని ఏడు ఎక్కువ మంది పోతారు. కానీ మంచి వాన పడిన ఏడు కూడా మేం పోయాం, ఎందుకంటే అక్క పెళ్లి అప్పు. ఇంకో ఏడు వాన లేదు, అయినా పోలేదు, నాయనమ్మ మంచం పట్టింది. బైనాక్యులర్ అన్న అడిగిన ప్రశ్న చదవగానే నాయనమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో ఇళ్లకు తాళాలు వేసి ఉంటాయి, ముసలివాళ్లు అరుగుల మీద ఉంటారు. మా తమ్ముడు సీజనల్ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, సుగ్గికి పోయినవాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం పెట్టినది. నేను ఆ హాస్టల్లో చోటు దొరక్క రెండేళ్లు చేలోనే ఉన్నాను. ఉండిపోయినవాళ్ల గురించి ఎవరూ పరిశోధన చేయరు, ఎందుకంటే వాళ్లు కదల్లేదు.

ఇంకొకటి రాస్తాను, కణం అన్నకు తెలిసే ఉంటుంది. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండంలో కొన్ని కణాలు గుంపుగా తల నుంచి తోక దాకా నడుస్తాయి. వాటిని లాగే రసాయనం దారంతా ఒకేలా ఉంటుంది, మరి అవి ముందుకే ఎందుకు పోతాయి? వెనక ఉన్న కణాలు ఆ రసాయనాన్ని మింగేస్తాయి, అందుకే ముందువైపే ఎక్కువ మిగులుతుంది. అంటే దారి ముందే ఉండదు, గుంపు నడుస్తూ తన దారి తానే చేసుకుంటుంది. 2013లో వచ్చిన పని ఇది. క్లాసులో మా మేడమ్ చెబుతుంటే నాకు మా మేస్త్రీ గుర్తొచ్చాడు. ఏ ఊరికి పోవాలో మాకు ఎవరూ మ్యాపు ఇవ్వలేదు. మొదట సావిత్రత్త వాళ్లు పోయారు, ఆ రైతు మంచోడు అని చెప్పారు, మేం పోయాం, తర్వాతి ఏడు రైతే ఫోన్ చేశాడు. ఆ పోలిక నాకు బాగా పనికొచ్చింది, మా దారి మేమే చేసుకున్నాం అని మొదటిసారి అనిపించింది. అప్పటిదాకా కరువు నెట్టింది, గుంటూరు లాగింది అనే చదివాను, మధ్యలో మేం లేము.

కానీ పోలిక అక్కడ ఆగిపోతుంది. ఆ కణాల్లో ఎవరికీ దసరాకు అడ్వాన్సు ఇవ్వరు. మాకు ఇస్తారు. తీసుకున్నాక కూలి ఎంతన్నా పోవాల్సిందే.

కణం_కదలిక:
చెల్లెమ్మా, ఈ పేపర్ల గురించి నేను నాలుగుసార్లు ప్రెజెంటేషన్ ఇచ్చాను, ఒక్కసారీ మనిషి గురించి తట్టలేదు. ‘గుంపు దారి తానే చేసుకుంటుంది’ అన్నది నీలా ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ పేపర్లు వేరేలా చదివేవాడిని. ఒక ప్రశ్న, జవాబు ఇవ్వాలని లేకపోతే వద్దు. సావిత్రత్త వాళ్లు ఆ ఊరికే మొదట ఎందుకు వచ్చారు? కణాల గుంపులో ముందు నడిచేదాన్ని లీడర్ కణం అంటాం, అది ఎలా లీడర్ అవుతుందన్నది ఇంకా తెగని చర్చ.

సుగ్గి_బిడ్డ:
నాకు తెలియదు అన్నా. అమ్మను అడగాలి.

బ్రాడీపేట_4వలైను:
తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, నెట్టేవి, లాగేవి అనే చెప్పాను. ఎవరెట్ లీ అనే జనాభా శాస్త్రవేత్త 1966లో రాసిన వ్యాసంతో వలస అధ్యాయం మొదలుపెట్టేవాడిని. ఆయన మధ్యలోని అడ్డంకుల గురించీ రాశాడు, మేం చెప్పేటప్పుడు అది వదిలేసేవాళ్లం. నా అభ్యంతరం ఇంకా ఉంది, అది చెప్పే తీరాలి. పోలికను నువ్వు వాడితే నీకు బలం ఇచ్చింది, రాజు వాడితే మనిషిని కలుపుమొక్క చేసింది. అదే పోలిక. కాబట్టి ఎవరు, ఎవరి గురించి, ఎవరి ముందు వాడుతున్నారన్నది తేలకుండా సెమినార్ పెట్టొద్దు. ఆ సుగ్గి అమ్మ గదిలో ఉంటే ఎవరూ గుర్రపుడెక్క అనలేరు. గదిలో లేనప్పుడే అంటారు.

లెక్కల_మనిషి:
గూట్లో కూర్చున్న ఆల్బట్రాస్. నేను చెప్పాలనుకున్నది అదే సార్.

గవర్నర్‌పేట_మేడమ్:
అందరికీ ధన్యవాదాలు, ఇంత సాయం ఊహించలేదు. మా ఎకనామిక్స్ సార్‌కి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను, క్యాంపు మనవడు గారి పోస్టు దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఆయన వస్తారు. ‘మూడింటికీ ఉమ్మడి సూత్రం ఏది’ అన్న ప్రశ్న తీసేశాను. ‘ఎవరు ఉండిపోయారు, ఎందుకు’ అన్నది పెట్టాం, పక్షికీ, కణానికీ, మనిషికీ. జవాబులు కలవకపోయినా ఫరవాలేదు. మనుషుల సెషన్ ముందు పెడుతున్నాను, చివర్లో కాదు.

సుగ్గి_బిడ్డా, మీ అమ్మగారిని మాట్లాడమని అడుగుతావా? ఆమె వక్త, ప్రేక్షకురాలు కాదు. మా కాలేజీ బయటి వక్తకు ఇచ్చే గౌరవ వేతనం ఆమెకూ ఇస్తుంది, ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. దారి ఖర్చులు కూడా.

బ్రాడీపేట_4వలైను:
ఆమెను చేను దగ్గర నుంచి తీసుకొచ్చి తిరిగి దించే బాధ్యత నాది. కారు ఉంది, ఖాళీగా ఉన్నాను. ఊరు పేరు ఇక్కడ రాయొద్దు, నాకు మెసేజ్ పెట్టమ్మా.

బెంజిసర్కిల్_రాజు:
నేను కూడా రావచ్చా మేడమ్? మా తమ్ముడిని తీసుకుని వస్తాను. మాట్లాడటానికి కాదు, వినడానికి.

గవర్నర్‌పేట_మేడమ్:
రండి రాజు గారూ.

సుగ్గి_బిడ్డ:
అమ్మతో రాత్రి ఫోన్‌లో మాట్లాడాను మేడమ్. మొదట వద్దంది, కాలేజీలో నేనేం చెబుతాను అంది. “సావిత్రత్త మొదట ఆ ఊరికే ఎందుకు పోయింది” అని అడిగాను. అరగంట చెప్పింది. సావిత్రత్త చెల్లెల్ని ఆ ఊరి పక్క ఊరికి ఇచ్చారంట, ఆమె కాన్పుకి సాయం వెళ్లి, చేలో మనుషులు కావాలని అక్కడ విని వచ్చిందంట. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. తెనాలి అక్క రాసింది చదివి వినిపించాను, నవ్వింది. రెండో కోత అయ్యాక వస్తానంది, మొదటి కోత మధ్యలో వస్తే ముఠాలో మిగతావాళ్ల మీద బరువు పడుతుందంట. ఫిబ్రవరి మూడో వారం అయితే కుదురుతుంది.